అరబీ మాండలికాలను అధ్యయనం చేయడం ఎలా? మొదటి మాట నుంచి మాండలిక పటం దాకా

కాఫీని ఫుస్‌హా అరబీలో, అంటే పుస్తకాల అరబీలో, ‘ఖహ్వా’ అంటారు. కైరోలో అది ‘అహ్వా’, డమాస్కస్‌లో ‘అహ్వె’. కువైట్‌లో, బాగ్దాద్‌లో ‘గహ్వా’. పాలస్తీనా పల్లెల్లో కొన్ని చోట్ల ‘కహ్వె’. ట్యూనిస్‌లో మళ్లీ ‘ఖహ్వా’నే. మాట ఒక్కటే. మొదటి ధ్వని మాత్రం ఊరూరికీ మారిపోయింది.

ఆ ఒక్క ధ్వని మనిషి గురించి చాలా చెబుతుంది. ఏ దేశంవాడో చెప్పడం కన్నా, నగరంవాడా, పల్లెవాడా, సంచార తెగల నుంచి వచ్చినవాడా, కొన్ని చోట్ల ఏ మతంవాడో కూడా చెబుతుంది. అందుకే ‘ఈజిప్టు అరబీ’, ‘సౌదీ అరబీ’ అని దేశాల పేర్లతో మొదలుపెడితే త్వరగా దారి తప్పుతాం. ఒక ధ్వనినో, ఒక ప్రత్యయాన్నో పట్టుకుని, దాన్ని ఎవరు ఎలా పలుకుతున్నారో వెంటాడటమే సరైన పద్ధతి. గల్ఫ్‌లో పనిచేసి కాస్త అరబీ వచ్చినవాళ్లు, ఖురాన్ చదువుతో లిపి తెలిసినవాళ్లు, భాషాశాస్త్ర విద్యార్థులు ముగ్గురూ ఈ పని చేయగలరు. డిగ్రీ కన్నా ఇక్కడ చెవి, ఓపిక ముఖ్యం.

ముందుగా రాత గురించి ఒక మాట. కింద ఇచ్చిన అరబీ ఉదాహరణల్లో ‘ఖ’ అంటే ఖాఫ్ అనే అక్షరం ధ్వని. నాలుక మొదలు కొండనాలుక దగ్గర తాకితే పుట్టే లోతైన ‘క’ అది. ‘క’ అంటే మామూలు కాఫ్. ‘థ’ అంటే ఇంగ్లీషు ‘థింక్’లో పలికే ధ్వని.

మొదటి అడుగు: పుస్తకాల భాషనీ ఇంటి భాషనీ విడదీయండి

వార్తలు, ఉపన్యాసాలు, పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ కాగితాలు అన్నీ ఫుస్‌హాలో ఉంటాయి. ఇంట్లో, బజారులో, ఫోన్లో మాట్లాడేది ఆమ్మియ్యా, అంటే వాడుక భాష. ఫుస్‌హా ఎవరికీ తల్లిభాష కాదు, బడిలో నేర్చుకునేది. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ ఇలాంటి పరిస్థితిని ‘డైగ్లోసియా’ పేరుతో వివరించారు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబీ ఒకటి. మిగతావి గ్రీకు, స్విస్ జర్మన్, హైతీ క్రియోల్. గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో దేనికోసం పోరాడారో తెలిసిన తెలుగువాళ్లకు ఇది సులభంగానే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, మనం రాతలోకి వాడుక భాషను తెచ్చుకున్నాం. అరబ్ దేశాల్లో పాఠ్యపుస్తకం, పత్రిక ఇప్పటికీ ఫుస్‌హావే.

ఇక్కడే ఒక అపోహను వదిలించుకోవాలి. మాండలికం అంటే చెడిపోయిన ఫుస్‌హా అని చాలామంది అరబ్బులే చెబుతారు. మీరు అడగ్గానే ‘మాది సరైన అరబీ కాదండీ’ అంటారు కూడా. అది నిజం కాదు. స్త్రీతో మాట్లాడేటప్పుడు ‘నీ’ అనే ప్రత్యయంలోని ‘క’ కొన్ని తెగల్లో వేరే ధ్వనిగా మారుతుందని మధ్యయుగపు అరబీ వ్యాకరణవేత్తలే రాశారు. దానికి ‘కష్‌కషా’ అని పేరు కూడా పెట్టారు. ఈనాడు కువైట్‌లో మగవాణ్ని ‘ష్లోనక్’ (ఎలా ఉన్నావు) అనీ, ఆడమనిషిని ‘ష్లోనిచ్’ అనీ అడగడం ఆ కోవలోదే. అంటే మాండలికాల మధ్య తేడాలు నిన్నమొన్నటివి కావు. ఈ గౌరవం లేకుండా రికార్డింగ్‌కి కూర్చుంటే ఎదుటివాళ్లు తమ భాషను దాచుకుంటారు.

రెండో అడుగు: చెవిని సిద్ధం చేసుకోండి, మీ రాతను స్థిరపరచుకోండి

తెలుగు చెవికి ఇక్కడ కొన్ని వరాలున్నాయి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకు పుట్టుకతో వచ్చినవి. ‘కతబ’ (రాశాడు), ‘కాతబ’ (ఉత్తరాలు నడిపాడు), ‘కత్తబ’ (రాయించాడు) మధ్య తేడా పట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్లు నెలలు కష్టపడతారు. మనకు అది మొదటి రోజే వినిపిస్తుంది. ఫుస్‌హా ‘బైత్’ (ఇల్లు) చాలా మాండలికాల్లో ‘బేత్’ అవుతుంది. ఆ పొడుగు ‘ఏ’ కూడా మనకు కొత్త కాదు.

ఇబ్బంది వచ్చేది బరువు హల్లులతో. అరబీలో మామూలు ‘స’, ‘త’, ‘ద’లకు తోడు, నాలుక వెనక భాగాన్ని పైకెత్తి పలికే బరువైన జంటలున్నాయి. గల్ఫ్‌లో ‘సేఫ్’ అని తేలిగ్గా అంటే కత్తి, బరువుగా అంటే వేసవి. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. బరువైన ‘త’ను ‘ట’ అని, బరువైన ‘ద’ను ‘డ’ అని రాయాలనిపిస్తుంది. వద్దు. మన ట, డలలో నాలుక కొన వెనక్కి మడత పడుతుంది. అరబీలో కొన పళ్ల దగ్గరే ఉంటుంది, వెనక భాగం లేస్తుంది. హల్లు మీద కాక పక్క అచ్చు మీద చెవి పెట్టండి. బరువు హల్లు పక్కన ‘ఆ’ గొంతు లోపలికి వెళ్లి గుండ్రంగా వినిపిస్తుంది.

ఇక ‘హ’లు రెండు. ఒకటి మనది, ఒకటి గొంతు నొక్కి పలికేది. ‘ఐన్’ అనే అక్షరం ధ్వని మనకు అసలే లేదు. వీటికి మీ నోటుబుక్కులో గుర్తులు పెట్టుకోండి: బరువు హల్లు కింద గీత, గొంతు ‘హ’ కింద చుక్క, ఐన్‌కు పైన చిన్న కామా. ఏ గుర్తు అయినా ఫర్వాలేదు, మధ్యలో మార్చకూడదు. పని ముదిరాక అంతర్జాతీయ ధ్వని లిపి నేర్చుకోక తప్పదు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ధ్వని తరంగాన్ని చూస్తూ వింటే, అనుమానం ఉన్న చోట కంటి సాయం కూడా దొరుకుతుంది.

మూడో అడుగు: ముందు ఒక్క ఊరి భాష గట్టిగా నేర్చుకోండి

ఐదు మాండలికాలను తలా కాస్త తెలుసుకోవడం కన్నా ఒక్కదాన్ని లోతుగా తెలుసుకోవడం మేలు. తేడా కొలవాలంటే ఒక గట్టి ఆధారం కావాలి కదా. అధ్యయన సామగ్రి ఎక్కువగా దొరికేది కైరో భాషకు. మనవాళ్ల బంధుత్వం, ఉద్యోగం కలిసి వచ్చేది కువైట్, దుబాయ్, దోహా భాషలతో.

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. సైట్లలో, దుకాణాల్లో, క్యాంపుల్లో మనం నేర్చుకునేది చాలావరకు అక్కడి అరబ్బులు తమలో తాము మాట్లాడుకునే భాష కాదు. అది వలస కార్మికులకూ స్థానికులకూ మధ్య పుట్టిన పిడ్జిన్, అంటే ఉమ్మడి భాష లేనివాళ్లు పని జరగడానికి కుదించుకున్న సరళ భాష. భాషాశాస్త్రంలో దీన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబీ అంటారు. 1990లో జె.ఆర్. స్మార్ట్ దీనిమీద ఒక వ్యాసం ప్రచురించారు. గుర్తుపట్టడం తేలిక. ‘అనా రూహ్, ఇంతా రూహ్, హువా రూహ్’ అని క్రియ మారకుండా ఉంటే పిడ్జిన్. కువైటీ తనవాళ్లతో ‘అరూహ్’ (వెళ్తాను), ‘త్రూహ్’ (వెళ్తావు), ‘యరూహ్’ (వెళ్తాడు) అంటాడు. ‘అనా మాఫీ మాలూమ్’ పిడ్జిన్. ఇంట్లో వినిపించేది ‘మద్రి’ (నాకు తెలియదు). మనతో మాట్లాడేటప్పుడు స్థానికులు కూడా పిడ్జిన్‌లోకి దిగుతారు కాబట్టి, వాళ్లు మనతో అన్నది కాక, పక్కవాళ్లతో అన్నది వినాలి.

పిడ్జిన్‌ను తక్కువగా చూడమని దీని అర్థం కాదు. దానికీ నియమాలున్నాయి, అదీ పరిశోధనకు తగిన విషయమే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి సైట్లలో పనిచేసినవాళ్ల అరబీ ఒక రకం. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పిల్లల్ని పెంచిన మన అక్కల, అత్తల అరబీ ఇంకో రకం. ఇంటి ఆడవాళ్ల, పిల్లల మాటలు రోజంతా చెవిన పడ్డవాళ్లు స్థానిక భాషను ఎక్కువగా పట్టుకునే అవకాశం ఉంది. ఈ రెండు బృందాలనూ పోల్చే పనికి తెలుగు తెలిసినవాళ్లకన్నా తగినవాళ్లు ఎవరు? నిజంగా జరగాల్సిన పని ఇది.

నాలుగో అడుగు: వెంటాడాల్సిన గుర్తులను ఎంచుకోండి

అన్నీ ఒకేసారి రాసుకోవాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నాలుగు ధ్వనులు, రెండు వ్యాకరణ అంశాలు, రెండు మూడు మాటలు చాలు.

ధ్వనుల్లో మొదటిది ఖాఫ్. ‘గ’ అనే పలుకు సాధారణంగా సంచార తెగల వారసత్వం. నగరాల్లో ఖాఫ్‌గానో, ‘అ’ ముందు గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే గొంతు విరుపుగానో ఉంటుంది. ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 14వ శతాబ్దంలోనే బెదూయిన్ల (ఎడారి సంచార తెగల) ఖాఫ్ నగరవాసుల ఖాఫ్ లాంటిది కాదని, అది వాళ్ల గుర్తింపు చిహ్నమని రాశాడు.

రెండోది జీమ్, అంటే ‘జ’ అక్షరం. డమాస్కస్‌లో ఇది మెత్తబడి ‘ప్లెజర్’లోని ధ్వనిలా ఉంటుంది. బాగ్దాద్‌లో గట్టి ‘జ’. కైరోలో ‘గ’: ఒంటె ‘జమల్’ అక్కడ ‘గమల్’. కువైట్‌లో ‘య’: ‘జదీద్’ (కొత్త) ‘యిదీద్’, ‘మస్జిద్’ ‘మస్యిద్’, ‘రజ్జాల్’ (మగవాడు) ‘రయ్యాల్’.

ఇక్కడ ఒక చిక్కుంది, శ్రద్ధగా చూడండి. కైరోలో వినపడిన ‘గ’ జీమ్. అదే ఈజిప్టులో దక్షిణానికి, లక్సర్ వైపు వెళ్తే వినపడే ‘గ’ ఖాఫ్. కైరోలో గుండె ‘అల్బ్’, దక్షిణాన ‘గల్బ్’. ఒకే దేశం, ఒకే ధ్వని, వేరు వేరు అక్షరాలు. కాబట్టి ‘ఇక్కడ గ ఉంది’ అని మాత్రమే రాసుకుంటే ఉపయోగం లేదు. ఏ అక్షరం స్థానంలో ‘గ’ వచ్చిందో రాయాలి.

కువైట్‌లో ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ కదిలాయి. ఖాఫ్ ‘గ’ అయింది. ఇ, ఈల పక్కన ఆ ‘గ’ కాస్తా ‘జ’ అయింది: ‘రఫీఖ్’ (స్నేహితుడు) పాత కువైటీ పలుకుబడిలో ‘రిఫీజ్’, ‘ఖుద్దామ్’ (ముందు) ‘జిద్దామ్’. అసలు జీమ్ ఏమో ‘య’ అయింది. మూడో ధ్వని కాఫ్ చాలా చోట్ల ‘చ’ అయింది: కుక్క ‘కల్బ్’ అక్కడ ‘చల్బ్’. టి.ఎం. జాన్‌స్టన్ 1960లలో ఈ మార్పులను వివరంగా నమోదు చేశారు. ఈ మూడు అక్షరాల లెక్క పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఈ కదలిక కనపడదు.

నాలుగో ధ్వని ‘థ’. మూడు అనే అంకె అడిగితే చాలు. గల్ఫ్‌లో ‘థలాథా’, కైరోలో ‘తలాతా’, మొరాకోలో ‘త్లాతా’. బహ్రెయిన్‌లో ఏమవుతుందో కింద చెబుతాను.

వ్యాకరణంలో ముందుగా క్రియ మొదట్లో వచ్చే ‘న’ అనే హల్లును చూడండి. తూర్పున ‘అక్తిబ్’ అంటే నేను రాస్తాను, ‘నిక్తిబ్’ అంటే మనం రాస్తాం. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియాల్లో ‘నెక్తెబ్’ అంటేనే నేను రాస్తాను. మనం అనడానికి చివర ‘ఊ’ చేరి ‘నెకెత్బూ’ అవుతుంది. తూర్పు, పడమర అరబీలను విడదీసే గీత ఇదే. యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటైన మాల్టా భాష కూడా పుట్టుకతో అరబీ మాండలికమే, అదీ ఈ గీతకు పడమటి వైపే నిలుస్తుంది.

రెండోది ‘బ’ అనే ఉపసర్గ. కైరోలో ‘బక్తిబ్’ అంటే రాస్తున్నాను, లేదా రోజూ రాస్తాను. కువైట్‌లో అదే రూపం ఇకముందు రాయబోతున్నానని చెబుతుంది. తెలుగులో ‘రాస్తాను’ రెండిటికీ సరిపోతుంది కాబట్టి మన నోట్సులో ఈ తేడా మాయమైపోతుంది. అర్థం పక్కన ‘రోజూ’ అనో ‘రేపు’ అనో తప్పకుండా రాసుకోండి.

మాటల్లో ‘ఇప్పుడు’ను మించింది లేదు. గల్ఫ్‌లో ‘అల్‌హీన్’, జెద్దాలో ‘దహీన్’, బాగ్దాద్‌లో ‘హస్సా’, డమాస్కస్‌లో ‘హల్ల’, కైరోలో ‘దిల్వఅతి’, ట్యూనిస్‌లో ‘తవ్వా’, కాసాబ్లాంకాలో ‘దాబా’. ‘ఏమిటి’ కూడా అలాంటిదే: కైరోలో ‘ఏహ్’, డమాస్కస్‌లో ‘షూ’, బాగ్దాద్‌లో ‘షిను’, రియాద్‌లో ‘వెష్’, అల్జీర్స్‌లో ‘వాష్’. ఈ రెండు మాటలు చెవిన పడితే మనిషి ఎటువైపువాడో దాదాపు తెలిసిపోతుంది.

ఐదో అడుగు: ‘ఎక్కడ’ అని అడిగాక ‘ఎవరు’ అని అడగండి

1964లో హైమ్ బ్లాంక్ బాగ్దాద్ భాష మీద తన పరిశోధన ప్రచురించారు. ఒకే నగరంలో ‘నేను అన్నాను’ అనడానికి ముస్లింలు ‘గిలిత్’ అంటే, క్రైస్తవులు, యూదులు ‘ఖెల్తు’ అనేవారు. ఇరుగుపొరుగే, కానీ ఇంటి భాషలు వేరు. ‘ఖెల్తు’ పాత నగర భాష. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నాశనం చేశాక, తర్వాతి శతాబ్దాల్లో తెగల ప్రజలు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ‘గ’ నగరపు ముస్లింల భాషలోకి వచ్చింది. మైనారిటీలు పాతదాన్నే నిలుపుకున్నారు. ఉత్తరాన మోసుల్‌లో మాత్రం ముస్లింలు కూడా ‘ఖెల్తు’ వర్గమే. అందుకని ‘ఖెల్తు అంటే క్రైస్తవుల భాష’ అని రాస్తే తప్పవుతుంది. చరిత్ర తెలియకుండా మాండలిక పటం అర్థం కాదు.

బహ్రెయిన్ దీవి మరీ చిన్నది. అయినా అక్కడ సున్నీ అరబ్బుల భాష, షియా బహార్నాల భాష వేరు. మొదటివాళ్లు ‘థలాథా’ అంటే రెండోవాళ్లు ‘ఫలాఫా’ అంటారు. మొదటివాళ్ల జీమ్ ‘య’ అయితే రెండోవాళ్లది జీమ్‌గానే ఉంటుంది. క్లైవ్ హోల్స్ దశాబ్దాల పాటు దీన్ని పరిశీలించారు.

అమ్మాన్‌లో ఆడ, మగ తేడా బయటపడుతుంది. జోర్డాన్ స్థానికుల ‘గ’, పాలస్తీనా నగరాల నుంచి వచ్చినవాళ్ల గొంతు విరుపు అక్కడ కలిశాయి. యువతులు ఎక్కువగా గొంతు విరుపు వైపు మొగ్గారు. యువకులు తోటి మగవాళ్ల మధ్య ‘గ’ వాడటం ఎక్కువ. ఒకే ఇంట్లో అన్న ‘గహ్వా’ అనవచ్చు, చెల్లెలు ‘అహ్వె’ అనవచ్చు.

ఉత్తర ఆఫ్రికాలో అయితే 11వ శతాబ్దంలో బనూ హిలాల్ తెగల రాకకు ముందునాటి నగర భాషలు, ఆ తర్వాత పరుచుకున్న తెగల భాషలు అనే విభజన మీకు ఎదురవుతుంది.

ఆరో అడుగు: రికార్డింగ్

ముందు అనుమతి. ఎవరి గొంతు, దేనికోసం, ఎవరు వింటారు అనేది స్పష్టంగా చెప్పి, ఒప్పుకున్నాకే రికార్డర్ నొక్కండి. గల్ఫ్ దేశాల్లో గోప్యతా చట్టాలు కఠినంగా ఉంటాయి. యజమాని ఇంట్లో దొంగచాటుగా రికార్డు చేయడం నైతికంగానూ తప్పే, మీ ఉద్యోగానికీ ప్రమాదమే. గల్ఫ్ ఇళ్లలో పనిచేసేవాళ్లు అనుమతి దొరకకపోతే ఆ ఇంటిని వదిలేయండి, టీవీ నాటకాలతో సరిపెట్టుకోండి.

‘దీన్ని మీ భాషలో ఏమంటారు?’ అని ఫుస్‌హా మాట చెప్పి అడగవద్దు. మీరన్నదే తిప్పి మీకు చెబుతారు. బొమ్మ చూపించండి, వస్తువు చూపించండి. కాఫీ కావాలంటే కాఫీ చేసే విధానం చెప్పమనండి. ఆ అయిదు నిమిషాల్లో ఖాఫ్, కాఫ్, జీమ్ అన్నీ వచ్చేస్తాయి. చిన్ననాటి పండగలు, పెళ్లిళ్లు, పాత ఇల్లు గురించి అడిగితే మనిషి రికార్డర్ సంగతి మరిచిపోతాడు. పరాయివాళ్ల ముందు అరబ్బులు తమ మాండలికాన్ని చదును చేసి, అందరికీ అర్థమయ్యే ‘తెల్ల మాండలికం’లోకి మారతారు. దాన్ని అల్ లహ్‌జా అల్ బైదా అంటారు. అందుకని వీలైతే ఇద్దరు స్థానికులను కూర్చోబెట్టి వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేలా చూడండి. మీరు పక్కకు తప్పుకోండి.

ఫైలును డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో దాచుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు మాటలు పట్టుకోవడానికి పనికొస్తాయి, ధ్వనులను కొలవడానికి పనికిరావు. ప్రతి ఫైలుకూ వయసు, పుట్టిన ఊరు, తల్లి ఊరు, తండ్రి ఊరు, చదువు, బయట ఊళ్లలో ఉన్న కాలం రాసుకోండి. పేరుకు బదులు ఒక సంఖ్య. తెగ, మతశాఖ గురించి మాత్రం మీరుగా అడగవద్దు. ఇరాక్‌లో, బహ్రెయిన్‌లో ఆ ప్రశ్న గాయాలను తాకుతుంది. ‘మీ తాతగారిది ఏ పేట?’ అని అడిగితే మీకు కావాల్సింది మర్యాదగా తెలుస్తుంది.

ఏడో అడుగు: ఉన్న వనరులతో సరిచూసుకోండి

బెర్గ్‌స్ట్రాసర్ 1915లో సిరియా, పాలస్తీనాల మాండలిక పటం వేశారు. బెన్‌స్టెట్, వోయిడిష్ కలిసి ఈజిప్టు పటాలు 1985 నుంచి తెచ్చారు. జర్మన్ రాకపోయినా పటాలు చదవగలం. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారి ధ్వని భాండారంలో నిజమైన పల్లె గొంతులు ఆన్‌లైన్‌లో ఉచితంగా వినవచ్చు. మదార్ అనే కార్పస్‌లో (భాషా నమూనాల సేకరణలో) 25 నగరాల మాండలికాల్లో ఒకే వాక్యాలు దొరుకుతాయి. కాకపోతే అవి అనువాదాలు, సహజ సంభాషణలు కావు.

హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అరబీ విభాగాలు ఫుస్‌హా పునాదికి మంచి చోట్లు. బార్కస్‌కి కూడా వెళ్లండి. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉన్నారు. హద్రమౌత్ లోయలో కూడా జీమ్ ‘య’ అవుతుంది. బార్కస్ పెద్దవాళ్ల నోట పాత సామెతల్లో, పాటల్లో ఆ ‘య’ ఏమైనా మిగిలిందా అని విని చూడటం మన ఊళ్లోనే చేయగల పరిశోధన.

ఎనిమిదో అడుగు: మొదటి చిన్న ప్రాజెక్టు

ఒక కువైటీ టీవీ నాటకం నుంచి ఒక గంట తీసుకోండి. జీమ్ ఉన్న ప్రతి మాటనూ రాయండి. ఒక్కో మాటకు నాలుగు గడులు: మాట, ‘జ’నా ‘య’నా, మాట్లాడింది ఎవరు (ముసలి, పడుచు, ఆడ, మగ), ఎవరితో. ‘యిదీద్’, ‘రయ్యాల్’, ‘దియాయ్’ (కోళ్లు) లాంటి ఇంటి మాటల్లో ‘య’ ఎక్కువగా కనపడుతుంది. ‘జామిఆ’ (విశ్వవిద్యాలయం), ‘జవాజ్’ (పాస్‌పోర్ట్) లాంటి బడి, ఆఫీసు మాటల్లో ‘జ’ నిలిచే అవకాశం ఎక్కువ. కాబట్టి అన్నీ కలిపి శాతం తీయవద్దు. ఇంటి మాటలు ఒక పట్టీ, బడి మాటలు ఒక పట్టీ చేసి, విడివిడిగా లెక్కించండి. అప్పుడు వయసుతో పోల్చి చూడండి: అమ్మమ్మ పాత్ర ‘య’ అన్న మాటనే మనవరాలి పాత్ర ‘జ’ అంటోందా?

నటులు పాత్ర కోసం భాషను కాస్త ముదరేసి పలుకుతారు, అందుకే ఇది నాటక భాష లెక్క అని పైన రాసి పెట్టుకోండి. తర్వాత అనుమతి ఉన్న ఒక నిజమైన సంభాషణను అవే గడుల్లో నింపి, రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ మాటల మీద గుర్తు పెట్టి, వాటితోనే రెండో ప్రాజెక్టు మొదలుపెట్టండి.